గొడుగు సాబ్ బయల్దేరినారు

సైన్యంలో పైస్థాయి అధికారుల నియామకాలు పేపర్లో పడ్డ రోజు మదనపల్లె టమాటా మార్కెట్ యార్డు ఎదుట టీ కొట్టు దగ్గర మా సభ జరుగుతుంది. సభంటే పెద్దగా ఊహించుకోకండి. నలుగురం మాజీ సైనికులం, నాలుగు గ్లాసుల టీ, ఒక పేపరు. ఒకాయన బ్యాంకులో గన్‌మన్. ఇంకొకాయనకు కురబలకోటలో గొర్రెలున్నాయి. మూడో ఆయన ఏ పనీ చెయ్యడు, అందుకే అందరికంటే ముందొచ్చి పేపరు ఆయనే పట్టుకుంటాడు. నేను అంగళ్లు దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీలో గేటు కాడ సెక్యూరిటీ సూపర్‌వైజర్ని. టీవీలో కూర్చున్న పెద్దమనుషులు ఎవరు సీనియరు, ఎవర్ని దాటి ఎవర్ని వేశారు అని గొంతు చించుకుంటారు. మాకవన్నీ అక్కర్లేదు. ఫోటో చూడగానే మేమడిగేది ఒక్కటే మాట: "ఈయన్ని వాళ్ళ యూనిట్లో ఏమని పిలిచేవాళ్ళప్పా?"

ఎందుకంటే ప్రతి ఆఫీసరుకూ ఒక మారుపేరు ఉంటుంది. యూనిట్లో అడుగుపెట్టిన మొదటి వారంలోనే అది పుట్టాలి, లేకపోతే ఇక పుట్టదు. పెట్టినవాడు నేను పెట్టానని ఎప్పుడూ ఒప్పుకోడు. ఆఫీసరుకు బదిలీ అయితే ఆయన కంటే ముందే ఆ పేరు కొత్త చోటికి చేరిపోతుంది. లంగరులోకి, అంటే మా వంటశాలలోకి దూరి మొదట పప్పు నాకి చూసే బ్రిగేడియరు ఒకాయన ఉండేవాడు, ఆయన ఉప్పు సాబ్. ప్రతి పనిలోనూ పైన కనబడేవాడు కొత్తిమీర. కవాతు ఎంత బాగా చేసినా మళ్ళీ చేయించేవాడు ఇంకోసారి సాబ్. వీళ్ళలో ఇద్దరు జనరళ్ళయ్యారు. ఛాతీ నిండా పతకాలతో పేపర్లో వాళ్ళ ఫోటో చూసి మేము "ఉప్పు సాబ్ యాడికో పోయినాడప్పా!" అని మురిసిపోయేవాళ్ళం.

ఈసారి ఫోటో చూసి మాత్రం నేను మురిసిపోలేదు. మా కంపెనీకి ఒకప్పుడు మేజరుగా ఉన్న మనిషి ఇప్పుడు ఆర్మీ కమాండర్. పేపరువాళ్ళు అరపేజీ రాశారు. "జవాన్లు ఆయనను ప్రేమగా గొడుగు సాబ్ అని పిలుచుకునేవారు. ఏ కష్టం వచ్చినా తన జవాన్లకు గొడుగులా అడ్డు నిలిచేవారు కాబట్టే ఆ తెలుగు పేరు దేశమంతా ఆయన వెంట నడిచింది" అని.

"మీ యూనిట్ సాబే గదప్పా? ఇది నిజమేనా?" అన్నాడు గొర్రెలాయన.

"నిజమే" అన్నాను. నాకు ఒళ్ళు మండుతోంది. ప్రేమగా అట! ప్రేమా లేదు, దోమా లేదు. ఆ పేరు పెట్టిన నోరు ఇదే. ఎందుకు పెట్టానో నాకు తెలుసు, ఆ పేరు ఒక మనిషిని ఏం చేసిందో కూడా తెలుసు. టీ సగంలో వదిలేసి వచ్చేశాను. ఇరవై ఏళ్ళుగా నోటికి తాళం వేసుకుని తిరిగాను, ఇప్పుడు రాయకపోతే ఇక ఎప్పటికీ రాయలేను.

అప్పట్లో నేను కొండల మీద టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటర్ని. సైన్యంలో ఊరి పేరే మనిషి పేరు. నన్ను మదనపల్లె అనేవారు. నాతోపాటు చేరిన స్నేహితుణ్ణి పుంగనూరు అనేవారు. వాడు టైలరు కొడుకు, ముస్లిం. మాది మిషన్ ఆస్పత్రి వెనకున్న క్రిస్టియన్ కుటుంబం. వాడి రంజాన్ సేమ్యా నేను తిన్నాను, మా అమ్మ పంపిన క్రిస్‌మస్ కజ్జికాయలు వాడు తిన్నాడు. నాకంటే ఎక్కువే తిన్నాడు దొంగ. నన్ను మామా అనేవాడు.

కొత్త మేజరు వచ్చిన రోజు కుండపోత వాన. కంపెనీ అంతా వరుసగా నిలబడి తడుస్తోంది. యూనిఫాంలో ఉన్న సైనికుడు గొడుగు పట్టకూడదు, ఆకాశం చిల్లుపడినా సరే. సైన్యంలో ఆ సంగతి తెలియని కొత్తవాడు కూడా ఉండడు. అట్లాంటిది జీపు ఆగింది, తలుపు తెరుచుకుంది, ముందు నల్లగొడుగు బయటికొచ్చి విచ్చుకుంది, దాని కింద మేజరు. మూడడుగులు వేశాక ఆయనకే స్పృహ వచ్చినట్టుంది. టక్కున మూసి జీపులో పడేసి వాళ్ళతోపాటే నిలువునా తడిశాడు. న్యాయంగా చెప్పాలంటే బాగానే తడిశాడు. కానీ అప్పటికే నేను ఎక్స్‌ఛేంజి కిటికీలోంచి చూశాను గదా. కొండ మీదున్న పై కాపలా పోస్టుకు ఫోన్ కలిపి "ఒరేయ్, గొడుగు సాబ్ వచ్చినాడు" అన్నాను. సాయంత్రానికి కంపెనీ మొత్తం అదే పేరు. తెలుగు ముక్క రాని పంజాబీలు, బెంగాలీలు కూడా అర్థం తెలియకుండానే గొడుగు సాబ్, గొడుగు సాబ్ అంటుంటే నాకు గర్వంతో కాలు నేల మీద నిలవలేదు.

ఆ పేరుతో మాకొక పని కూడా ఉండేది. ఆఫీసరు ఏ పోస్టు చూడటానికి బయల్దేరినా, ఎక్స్‌ఛేంజిలో ఉన్నవాడు ఆ పోస్టుకు ముందే ఫోన్ కొట్టాలి. ఇది ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు, రాతలో పెడితే శిక్షే. అందుకే అసలు పేరు చెప్పేవాళ్ళం కాదు. "గొడుగు సాబ్ బయల్దేరినారు" అంటే పోస్టులో గడ్డాలు గీసుకోవడం, బూట్లు తుడుచుకోవడం, టీ పెట్టడం మొదలవుతుంది. ఒకడు పార తీసుకుని దారిలోకి దిగుతాడు. కొత్తగా పడిన మంచు తీసి, దారి గుర్తుకోసం కర్రలకు కట్టిన ఎర్రగుడ్డ జెండాలు వంగిపోయి ఉంటే సరిచేసి వస్తాడు. సాబ్ మధ్యలో వెనక్కి తిరిగితే మళ్ళీ ఫోన్ కొట్టి "గొడుగు మూసినారు" అనాలి. అప్పుడు పోస్టులోవాడు బయటికొచ్చి ఈల వేస్తాడు, దారిలో ఉన్నవాడు వెనక్కి వచ్చేస్తాడు. అంతే పని.

నేను చెప్పబోయే రోజుకు వారం ముందు పుంగనూరు నన్నొక ఆట ఆడించాడు. పై పోస్టు నుంచి ఫోన్ చేసి, అచ్చం మేజరు గొంతుతో ఇంగ్లీషులో "అటెన్షన్!" అని అరిచాడు. నేను రిసీవరు చెవికి పెట్టుకుని పది నిమిషాలు కట్టెలా నిలబడ్డాను. చివరికి వాడే పగలబడి నవ్వి, "కూసో మామా, కాళ్ళు నొప్పి పుడతాయి" అన్నాడు. నా చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఉండరా నీ పని చెప్తా అనుకున్నాను.

ఆ రోజు పొద్దున పదకొండుకు మేజరు పై పోస్టుకు బయల్దేరాడు. నేను ఫోన్ పిడి తిప్పాను. తీసింది వాడే.

"గొడుగు సాబ్ బయల్దేరినారు" అన్నాను.

"అయ్యో, జెండాలన్నీ వంగిపోయుండాయి మామా. నేనే పోయి సూసొస్తా. వచ్చినంక నేనే ఫోన్ చేస్తా, పెట్టేయ్" అన్నాడు.

అరగంట తిరక్కుండానే మేజరు వెనక్కి వచ్చేశాడు. ఎందుకు వచ్చాడో నాకప్పుడు తెలియదు. ఎక్స్‌ఛేంజి పక్కనుంచే పోయాడు, ఆయన టోపీ మీది మంచు కూడా నాకు గుర్తుంది. నేను పిడి తిప్పి రెండు మాటలు చెప్పాలి. చెయ్యి పిడి మీద పెట్టాను కూడా. అప్పుడు వారం కిందటి పది నిమిషాలు గుర్తొచ్చాయి. పక్కన ఉన్నవాడితో, "గొడుగు మూసినారని చెప్పనులే. ఇంకాసేపు తవ్వనీ నా కొడుకును" అని నవ్వాను. వాడూ నవ్వాడు.

ముప్పావు గంట నవ్వుకున్నాం. మధ్యాహ్నం ఎండకు ఆ వాలు మీది మంచు వదులవుతుందని మాకందరికీ తెలుసు. తెలిసీ నవ్వుకున్నాం. పైనుంచి ఒక చప్పుడు వచ్చింది. పెద్ద చప్పుడేం కాదు, లారీలోంచి ఇసుక దించినట్టు ఉంది. అప్పుడు తిప్పాను పిడిని. పోస్టులో గంట మోగుతోంది, నాకు వినబడుతోంది. ఎవరూ తీయడం లేదు. తిప్పుతూనే ఉన్నాను. పోస్టులో ఉన్నవాళ్ళంతా అప్పటికే బయటికి పరుగెత్తారు. ఖాళీ బంకరులో గంట మోగి మోగి ఆగిపోయింది, నేను మళ్ళీ తిప్పాను.

వాణ్ణి మంచులోంచి బయటికి తీసినప్పుడు చేతిలో ఎర్రగుడ్డ పీలిక ఉందట. విచారణలో మేజరు నన్ను పిలిచి, "పోస్టుకు ఎవరైనా ఫోన్ చేశారా?" అని అడిగాడు. "లేదు సాబ్" అన్నాను. ఆయన నావైపు చాలాసేపు చూశాడు. తర్వాత కాగితం వైపు తిరిగి ఏదో రాసుకున్నాడు.

పెట్టె, గడియారం, మేజరు తన చేత్తో రాసిన ఇంగ్లీషు ఉత్తరం తీసుకుని పుంగనూరులో వాడి ఇంటికి వచ్చింది నేనే. వాడి పెళ్ళామప్పుడు ఇరవై రెండేళ్ళది. కుట్టుమిషను పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఉత్తరం చదివి చెప్పమన్నారు ఇంటివాళ్ళు. నేను ఒక్కొక్క వాక్యమే తెలుగులో చెప్తున్నాను. మధ్యలో ఒక వాక్యాన్ని మాత్రం రెండుసార్లు లోపల చదువుకుని గాని చెప్పలేదు. "నేను వస్తున్నానని, దారి శుభ్రం చెయ్యమని నేనే ఆజ్ఞ ఇచ్చాను. ఆ ఆజ్ఞ పాటిస్తూ మీ భర్త ప్రాణం ఇచ్చాడు" అని రాశాడాయన. అట్లాంటి ఆజ్ఞ ఆయన ఇవ్వలేదు. నాకు తెలుసు. ఆయనకూ తెలుసు.

ఆమె తల ఎత్తి ఒకే మాట అడిగింది. "ఆ సాబ్ ఆ దారిలో పోయినాడా మరి?"

"లేదమ్మా" అన్నాను. "మధ్యలోనే తిరిగొచ్చినాడు."

"ఎవరా సాబ్? ఏం పేరు?"

"మేం గొడుగు సాబ్ అంటాం."

ఆ రోజు నుంచి ఆమె ఆ మనిషిని ద్వేషించింది. ద్వేషించనిచ్చాను. ఇంతకంటే పెద్ద పిరికితనం నా బతుకులో ఇంకోటి లేదు. ఏం ఖర్మో, ఆమె నన్ను మాత్రం భయ్యా అని పిలిచి గుండెల్లో పెట్టుకుంది. నేను రిటైరై వచ్చాక ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ చేసేది. "తిన్నావా భయ్యా? మోకాలి నొప్పి ఎట్లుండాది?" అనేది. తర్వాత వాడి గురించి ఒక్క సంగతి చెప్పమనేది. నేను వాడు తిన్న కజ్జికాయల గురించి చెప్పేవాణ్ణి, వాడి పాటల గురించి చెప్పేవాణ్ణి. ఫోన్ పెట్టాక చొక్కా చెమటతో తడిసిపోయి ఉండేది.

గంట సంగతి కూడా చెప్పాలి. పిడి తిప్పితే మోగే ఆ పాత ఫోన్ గంట నన్ను వదల్లేదు. కాలేజీలో క్లాసు బెల్లు మోగితే దాని కింద అది వినబడేది. చర్చిలో అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే వినబడేది. పట్టపగలు భోజనం మధ్యలో లేచి "హలో" అన్నానని మా ఇంటామె ఎన్నోసార్లు చెప్పింది. "ఎవరు పిలస్తాండారు నిన్ను?" అని అడిగేది. ఎవరూ లేరనేవాణ్ణి. ఇనుప కడ్డీల లారీ వెనక ఎర్రగుడ్డ కట్టి ఉంటే నేను ఆ లారీని దాటి బండి నడపలేను. స్పోర్ట్స్ డే అని కాలేజీలో ఎర్రజెండాలు కడితే ఆ రోజు సెలవు పెట్టేవాణ్ణి. చనిపోయినవాళ్ళు తిరిగి రారని మా పాస్టరు చెప్తాడు. ఆయనెప్పుడూ ఎక్స్‌ఛేంజిలో పనిచెయ్యలేదు.

పేపర్లో నియామకం పడిన మూడో రోజు, శుక్రవారం కాకుండానే, ఆమె ఫోన్ చేసింది.

"భయ్యా, సూసినావా పేపరు? గొడుగంట! అడ్డం నిలబడేవాడంట!" అంది. "కుప్పానికి వస్తాండాడంట గదా. నాకూ పిలుపొచ్చింది. శాలువా కప్పుతారంట. నన్ను తోడుకొని పో."

కొత్త పదవిలో చేరే ముందు ఆయన బెంగళూరు నుంచి చెన్నైకి పోతూ కుప్పంలో ఆగి పాత కంపెనీవాళ్ళను కలుస్తాడని నాకూ తెలుసు. నేను పోకూడదని అనుకున్నాను. ఆమె అడిగాక పోకుండా ఎట్లా?

పుంగనూరు బస్టాండులో ఆమె నాకంటే ముందే వచ్చి నిలబడి ఉంది. నలభై దాటిన మనిషి, కళ్ళద్దాలు, బుర్ఖా అంచున దారపు పోగులు. పొద్దున్న కూడా ఎవరిదో జాకెట్టు కుట్టి వచ్చినట్టుంది, అవి ఎర్రదారాలు. నేను చూపు తిప్పుకున్నాను. ఆమె సంచి అందుకుని బస్సెక్కాను. పలమనేరు దాటాక సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీయించి చూపించింది. ఆ ఉత్తరమే. మడతల దగ్గర చినిగిపోతే వెనక గుడ్డపీలిక పెట్టి కుట్టుకుంది.

"ఏం చేస్తావమ్మా దీంతో?"

"ఆయన చేతికిచ్చి ఒకే మాట అడగతా. నువ్వు పోని దారికి నా మనిషిని యాల పంపిస్తివి అని."

"అందరి ముందరా?"

"అందరి ముందర్నే. పేపర్లో అందరి ముందర్నే గదా గొడుగని రాయించుకున్నాడు!"

వి.కోట వచ్చింది. పోయింది. చెప్పేద్దామని నోరు తెరిచాను, "నీళ్ళు తాగుతావా?" అని అడిగాను. ఛీ, నా బతుకు చెడ! ఒక నిరపరాధిని, అంత పెద్ద పదవికి ఎక్కిన రోజు, నలుగురిలో ఈమె నిలదీస్తుంది. ఆయన ఏమంటాడు? ఒకసారి అబద్ధం రాసి ఇచ్చిన మనిషి, రెండోసారీ తలవంచి ఊరుకుంటాడు. నేను పక్కన నిలబడి చూస్తాను. హిందీలోకి మార్చి చెప్పేది నేనైతే మాటలు ఎట్లాగో తిప్పేవాణ్ణేమో, ఆ దారి కూడా లేదు. ఆమె ఇంట్లో మాట్లాడేదే ఉర్దూ.

కుప్పంలో రైల్వే స్టేషనుకు దగ్గర్లో కల్యాణమండపం. లోపల తమిళం, కన్నడం, తెలుగు కలిసిపోయిన పాత గొంతులు. గుమ్మంలో పన్నీరు చల్లుతున్నారు. ఆమె చెప్పులు విడిచి మెట్టెక్కబోయింది.

"అమ్మా, ఆగు" అన్నాను.

ఆగింది. నేను మెట్టు మీద కూర్చున్నాను. నిలబడి ఉన్న ఆమెకు కింద నుంచే మొత్తం చెప్పాను. ఆ పేరు నేనే పెట్టడం, ఆ ఫోన్ సంగతి, గొడుగు మూసినారన్న మాట నేను చెప్పకపోవడం, ఆ పది నిమిషాల ఆట, నా నవ్వు. ఆజ్ఞ ఎవరూ ఇవ్వలేదని చెప్పాను. విచారణలో లేదు సాబ్ అన్నానని చెప్పాను. చెప్తున్నంతసేపూ పన్నీరు చల్లే ఆయన మావైపే చూస్తున్నాడు.

ఆమె ఏడవలేదు. "ఎంతసేపు?" అంది.

"ముప్పావు గంట."

"నువ్వు నవ్వతాంటివా, అప్పుడంతా?"

"నవ్వతానే ఉంటి."

"నీతో ఆఖరుగా ఏమన్న్యాడు?"

ఇన్నేళ్ళ శుక్రవారాల్లో ఎన్నెన్నో చెప్పినవాణ్ణి, ఈ ఒక్కటి చెప్పలేదు. "నేనే ఫోన్ చేస్తా, పెట్టేయ్ అన్న్యాడమ్మా."

ఆమె వంగి నా చేతిలో ఉన్న తన సంచి తీసుకుంది. లోపలికి పోయింది. నేను వెనకే పోయాను.

ఆయన జుట్టంతా తెల్లబడింది. సాదా కోటు వేసుకుని ఉన్నాడు. ఆమె పేరు మైకులో పిలవగానే వేదిక మీదికి రానివ్వకుండా తనే మెట్లు దిగి వచ్చాడు. శాలువా కప్పి చేతులు జోడించాడు. ఆమె కవరులోంచి ఉత్తరం తీసి ఆయన ముందు పట్టుకుంది. అందరి ముందరే, తన ఉర్దూలో అడిగింది.

"ఇందులో అబద్ధం ఎందుకు రాసినారు సాబ్?"

ఆయన ఉత్తరం చూశాడు. ఆమె భుజం మీదుగా నన్ను చూశాడు. "ఎక్స్‌ఛేంజ్" అన్నాడు. నా పేరు ఆయనకెప్పుడూ తెలియదు, ఆ మాటతోనే పిలిచేవాడు. నేను అటెన్షన్‌లో నిలబడ్డానని కాసేపటికి గాని తెలుసుకోలేదు.

"ఆ రోజు చలికి తట్టుకోలేక వెనక్కి వచ్చానమ్మా. వేరే కారణమేం లేదు" అన్నాడు ఆమెతో. "ఆ కిటికీ పక్కనుంచే వచ్చాను. నా మారుపేరు వినబడింది, నవ్వు వినబడింది. నేను బయల్దేరితే పోస్టుకు ఫోన్ పోతుందని నాకూ తెలుసు. ఆగి, వెనక్కి చెప్పారా అని ఒక్క మాట అడగాల్సింది. అడగలేదు. నన్ను చూసి నవ్వుతున్నారని సిగ్గుపడి లోపలికి పోయాను." మళ్ళీ ఉత్తరం వైపు చూశాడు. "నవ్వులాటలో పోయాడని మీకు ఎట్లా రాయను? ఆజ్ఞ అని రాస్తే మీకు కాస్త సులువుగా ఉంటుందనుకున్నాను."

"సులువు ఎవరికి సాబ్?" అంది ఆమె.

ఆయన ముఖంలోకి నేను చూడలేకపోయాను. మైకు దగ్గరున్నతను ఇంకెవరి పేరో పిలిచాడు. ఆమె శాలువా తీసి, నాలుగు మడతలు పెట్టి, టైలరు గదా, అంచులు సరిగ్గా కలిపి, ముందు వరుస కుర్చీ మీద ఉంచింది. ఉత్తరం మాత్రం మళ్ళీ కవరులో పెట్టుకుంది.

బస్టాండు దాకా నాకంటే నాలుగడుగులు ముందు నడిచింది. నేను పిలవలేదు. పలమనేరు బస్సు కదలడానికి ఇంకా టైముంది. కిటికీ పక్క సీట్లో కూర్చుని, కింద నిలబడ్డ నన్ను చూడకుండానే మాట్లాడింది.

"ఐదు పూట్లా నమాజు అయినంక ఆ మనిషిని శపించినా భయ్యా. ఆయన బాగుండకూడదు, ఆయనకు నిద్ర రాకూడదు, ఆయన చెవుల్లో నా ఏడుపు మోగతా ఉండాల అని. ఆయన అసలు పేరు నాకు తెలీదు గదా, గొడుగు సాబ్ అనే చెప్పినా దేవునికి." అప్పుడు నావైపు తిరిగింది. "ఆ పేరు పెట్టింది నువ్వంటివి. నేనంపిన శాపాలు ఇన్నేండ్లు యాడికి పోయింటాయి?"

ఎక్కడికి వచ్చాయో నాకు తెలుసు. చెవుల్లో మోగే గంట గురించి ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు. అప్పుడు కూడా చెప్పలేకపోయాను. బస్సెక్కడానికి కడ్డీ పట్టుకున్నాను.

"నువ్వు ఇంకో బస్సుకు రా" అంది. "నువ్వు ఫోన్ చెయ్యొద్దు. నేనే ఫోన్ చేస్తా."

బస్సు కదిలింది. ఎండలో నిలబడి అది మలుపు తిరిగేదాకా చూశాను. తర్వాత ఒంటరిగా మదనపల్లెకు వచ్చి, ఆ సాయంత్రమే మా ఇంటామెకు అంతా చెప్పేశాను. ఆమె పొయ్యి ఆపి, కూర్చుని విని, "అయితే ఇన్నాళ్ళు పిలిచింది వాడా?" అని మాత్రం అడిగింది.

గొడుగు సాబ్ పదవిలో చేరాడు. పేపర్లో మళ్ళీ ఫోటో వేశారు, మళ్ళీ అదే గొడుగు కథ రాశారు. టీ కొట్టు దగ్గర ఆ పేరు అసలు ఎట్లా పుట్టిందో వాళ్ళకు చెప్పాను, ఏం చేసిందో కూడా చెప్పాను. గొర్రెలాయన గ్లాసు కింద పెట్టి, "ఇంగ మనం ఎవరికీ పేర్లు పెట్టొద్దప్పా" అన్నాడు. పేపరు మడిచి పక్కన పెట్టాం.

కుప్పం నుంచి వచ్చిన రోజు నుంచి నా చెవుల్లో ఆ గంట ఆగిపోయింది. క్లాసు బెల్లు కింద లేదు, ప్రార్థనలో లేదు. ఇరవై ఏళ్ళు దేవుణ్ణి అడిగింది అదే, కానీ ఇప్పుడు ఆ నిశ్శబ్దంలో ఉండలేకపోతున్నాను. ఆమె శపించడం మానేసిందని నాకు అర్థమైంది. నన్ను తలుచుకోవడమే మానేసిందేమోనని భయంగా ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం గేటు దగ్గర ఇంకో మనిషిని పెట్టి, షెడ్డులో ఫోన్ ముందు పెట్టుకుని కూర్చుంటాను. ఛార్జింగు ఉందో లేదో, సిగ్నలు ఉందో లేదో చూస్తాను. నేను చెయ్యను, చెయ్యొద్దని చెప్పింది గదా. ఇప్పటికి పదకొండు శుక్రవారాలు పోయాయి. ఆమె ఇంకా చెయ్యలేదు.